అనుభవదారు గడి

పాతబస్తీలో వ్యవసాయం చదివే పిల్లలున్నారంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. "అక్కడ పొలమెక్కడుంది?" అన్నాడొక కొలీగ్. పొలం లేని మాట నిజమే. కానీ పిల్లలున్నారు. ఇంటర్ ఒకేషనల్లో క్రాప్ ప్రొడక్షన్ అని ఒక గ్రూపు ఉంది. విత్తన శుద్ధి, నారుమడి, ఎరువుల మోతాదు, తెగుళ్లు, ప్రాక్టికల్ రికార్డు, అన్నీ ఉంటాయి. పాతబస్తీ అంచున ఒక కాలేజీలో ఆ గ్రూపుకి పాఠాలు చెప్పే మిత్రురాలు మొన్నామధ్య ఫోన్ చేసింది.

"వీళ్లకి పదో తరగతితో హిస్టరీ అయిపోయింది. ఇక జీవితంలో ఎవరూ చెప్పరు. నువ్వు పుస్తకాల మీద ఏదేదో రాస్తుంటావు కదా, ఒక శనివారం వచ్చి గంటన్నర మాట్లాడు. పడుకోకుండా చూస్కో, చాలు."

పడుకోకుండా చూడటం చిన్న షరతేం కాదు. ఆ క్లాసులో ముప్పై మందికి పైగా ఉంటారు. సగం మంది పాలమూరు వైపు నుంచి కూలి పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ల పిల్లలు. మిగతా సగం ఈ గల్లీల్లోనే పుట్టి పెరిగినవాళ్లు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. మార్కులు తక్కువొచ్చి ఈ గ్రూపు దొరికినవాళ్లు ఎక్కువ. ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే "ఇంటర్" అంటారట, గ్రూపు పేరు చెప్పరట. వ్యవసాయం నుంచి తప్పించుకోడానికి అమ్మానాన్నలు సిటీకొస్తే, అదే వ్యవసాయం సిలబస్సై ఎదురొచ్చింది మరి.

మూడు వారాలు కూర్చుని ఆ గంటన్నరకి ప్లాన్ వేసుకున్నా. ఈ వ్యాసం ఆ ప్లాన్ గురించి.

హైదరాబాద్ చరిత్ర అనగానే చేతికందేవి చాలా ఉన్నాయి. 1591, చార్మినార్, కులీ కుతుబ్ షా. లేదా 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. అన్నీ మంచి కథలే, చెప్పడమూ తేలికే. కానీ రోజూ చార్మినార్ పక్క నుంచే నడిచెళ్లే పిల్లలకి నేను గచ్చిబౌలి నుంచి వచ్చి చార్మినార్ గురించి చెప్పడంలో ఏదో తేడాగా ఉంది. పైగా ఆ పాఠాల్లో వాళ్లు చేసే పనల్లా వినడమే. అందుకని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నా: వాళ్లకి తెలిసి నాకు తెలియని సంగతి లేకుండా పాఠం ముందుకు నడవకూడదు. ఎకరానికి ఎన్ని కిలోల విత్తనం కావాలో నాకు తెలీదు. వాళ్లకి తెలుసు. అంటే మొదలు అక్కడే పెట్టాలి.

*

మొదటి ఇరవై నిమిషాలకీ ఒకటే ప్రశ్న అనుకున్నా. 1591లో చార్మినార్‌కి రాళ్లు మోసిన కూలీ మధ్యాహ్నం సద్దిమూటలో ఏం తెచ్చుకుని ఉంటాడు?

బోర్డు మీద పిల్లల చేతే ఇవాళ్టి భోజనం రాయించాలి. అన్నం, పప్పు, టమాట కూర, ఆలుగడ్డ వేపుడు, పచ్చిమిరపకాయ తొక్కు, పల్లీల చట్నీ. ఆదివారమైతే బిర్యానీ, పక్కన మిర్చీ కా సాలన్. ఆ తర్వాత డస్టర్ తీసుకుని ఒక్కొక్కటే చెరిపేయాలి. టమాట పోతుంది. అది అమెరికా ఖండపు మొక్క, మన వంటింట్లో స్థిరపడింది బ్రిటిష్ కాలంలో. ఆలుగడ్డా అంతే. పల్లీ పోతుంది, మక్కజొన్న పోతుంది, జామపండు పోతుంది, బొప్పాయి పోతుంది. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి దిగి అప్పటికి వందేళ్లు కూడా కాలేదు. మన భాషలో దానికి సొంత పేరు కూడా లేదు, అంతకు ముందు నుంచీ ఉన్న మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నాం. హైదరాబాద్ గుర్తుగా మనం చెప్పుకునే మిర్చీ కా సాలన్‌లో మిర్చి, పల్లీ రెండూ సముద్రం దాటొచ్చినవే. నువ్వులు, చింతపండు మాత్రం పాతకాపులు.

చెరపగా మిగిలేవి జొన్న, సజ్జ, రాగి, కంది, పెసర, నువ్వు, ఆముదం, వంకాయ. వరి ఉంది, కానీ అది చెరువు కింద భూమి ఉన్నవాడి తిండి. కూలీ మూటలో ఉండేది జొన్నరొట్టో సంకటో.

ఇక్కడ పిల్లల్ని అడగాల్సినవి ఉన్నాయి. వర్షాధారంగా, నల్లరేగడిలో, తక్కువ నీటితో ఈ మిగిలినవాటిలో ఏది నిలబడుతుంది? ఎందుకు? దీనికి జవాబు చెప్పాల్సింది వాళ్లే. పత్తి సంగతీ అడగాలి. పత్తి ఈ నేలకి పాతదే, కానీ ఇవాళ తెలంగాణలో కనిపించే మొక్క వేరు. మన దేశవాళీ పత్తిని పక్కకి నెట్టి అమెరికన్ రకం వచ్చింది, 2002లో దానికి బీటీ తోడైంది. పేరు అదే, లోపల మొక్క మారిపోయింది. ఇది వాళ్ల సిలబస్‌లో "రకాలు" అనే శీర్షిక కింద ఉంటుంది. చరిత్ర అని ఎవరూ చెప్పరు, అంతే.

పంటల చరిత్ర చెప్పడం ఇంత సరదాగా ఉంటుందని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చదివినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1949లో వచ్చిన పుస్తకమది. రాజుల్ని కాస్త పక్కన కూర్చోబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి చెప్పాడాయన. నాకు ఈ పాఠం ఊహించుకునే ధైర్యం ఇచ్చింది ఆ పుస్తకమే.

అయితే మొదటి వారం చివర్లో ఒక సంగతి తట్టింది. పంట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలుగుతున్నాం. విత్తనం జాడ వదులుతుంది, పేరు జాడ వదులుతుంది. మరి దాన్ని పండించినవాడి జాడ? ఈ సరదా పాఠంలో మనిషి ఎక్కడా లేడు. రాళ్లు మోసిన కూలీ తిన్న జొన్న పండించింది ఎవరో చెప్పే గడి ఒక్కటీ బోర్డు మీద లేదు.

*

అందుకని రెండో భాగం మాటల మీద పెట్టా. పిల్లల ప్రాక్టికల్ రికార్డుల ఫొటోలు పంపమని మిత్రురాల్ని అడిగా. వాటిలో వాళ్లు రోజూ రాసే మాటల్లోంచి నాలుగైదు ఏరుకున్నా.

మొదటిది ఖరీఫ్, రబీ. రెండూ అరబ్బీ మాటలు. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. ఇక్కడొక చిక్కుంది. మనం ఖరీఫ్ పంట వేసేది జూన్‌లో, తొలకరికి. రబీ విత్తేది చలికాలం మొదట్లో. మరి ఆ పేర్లెందుకు? ఎందుకంటే అవి కోత కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు. మన ఊళ్లలో అయితే వానాకాలం, యాసంగి అంటారు. వానాకాలం అన్న మాటలో వాన ఉంది, విత్తేవాడి చూపు ఆకాశం మీద ఉంది. ఖరీఫ్ అన్న మాటలో పంట చేతికొచ్చే రోజుంది, శిస్తు వసూలు చేసేవాడి చూపు కల్లం మీద ఉంది. ఒకే పంట కాలానికి రెండు పేర్లు. పొలం ఈ గట్టున నిలబడి చూస్తే ఒకటి, ఆ గట్టున నిలబడి చూస్తే ఇంకొకటి. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లో కూడా వానాకాలం, యాసంగి కనిపిస్తున్నాయి. ఇది పిల్లలు ఇట్టే పట్టుకుంటారనిపించింది.

రెండోది రైతు. ఇదీ అరబ్బీ 'రయ్యత్' నుంచే. ఆ మాట మూలంలో మేపడం ఉంది. కాపరి మేపే మంద, ఏలిక కింద ఉండే జనం. మనం గర్వంగా చెప్పుకునే మాట మొదట్లో ఒకడి అదుపులో ఉన్నవాడని చెప్పే మాట. తహసీల్ అంటే వసూలు, తహసీల్దారు అంటే వసూలు చేసేవాడు.

మూడోది ఫసలీ. ఫసల్ అంటే పంట, ఫసలీ అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరం. అక్బరు కాలం నుంచి వస్తున్నది. చాంద్రమానం హిజ్రీ సంవత్సరం ఏటా ముందుకి జరిగిపోతుంటే, పంట చేతికి రాకముందే శిస్తు కట్టాల్సిన రోజొచ్చేస్తుంది. ఆ చిక్కు తీర్చడానికి పెట్టిన లెక్క ఇది. నిజాం సర్కారూ దీన్నే వాడింది. ఇవాళ్టికీ రెవెన్యూ వాళ్లు జూలై 1 నుంచి మొదలుపెట్టి ఫసలీ రాస్తారు. జూలై మొదలుకుని డిసెంబర్ దాకా అయితే మన సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2008 ఆగస్టులో పుట్టినవాడు 1418 ఫసలీలో పుట్టాడు. జూన్ లోపు పుడితే ఇంకొకటి తీసేయాలి. ఎవరి పుట్టినరోజు వాళ్లు లెక్కేసుకోమంటే అయిదు నిమిషాలు క్లాసు దానంతటదే నడుస్తుంది.

నాలుగోది పహాణీ. ఇది మరాఠీ నుంచి వచ్చింది. అక్కడ 'పాహణే' అంటే చూడటం. పహాణీ అంటే వెళ్లి, పొలం గట్టు మీద నిలబడి, కళ్లతో చూసి రాసింది. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు, నీళ్లెక్కడివి.

అయిదోది కౌలు. దీనికోసమే మిగతా నాలుగూ. కౌలు అరబ్బీ 'ఖౌల్' నుంచి వచ్చింది. ఖౌల్ అంటే మాట, ఇచ్చిన మాట. ఖవ్వాలీ కూడా ఆ మూలం నుంచి పుట్టిందే. పాతబస్తీ పిల్లలకి ఖవ్వాలీ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, పాలమూరు పిల్లలకి కౌలంటే ఏంటో చెప్పక్కర్లేదు. రెండూ ఒక తల్లి పిల్లలని చెబితే రెండు బెంచీల వాళ్లూ ఒకసారి ఒకళ్లవైపొకళ్లు చూస్తారని ఆశ. ఇక కౌలంటే నిజంగానే మాట. ఎకరానికి ఇంతిస్తా, ఈ ఏడాది నువ్వు చేసుకో. చాలా ఊళ్లలో కాగితం ఉండదు. ఒక మనిషి మొత్తం సంవత్సరం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది.

*

ఇక్కడి నుంచి భవనాల దగ్గరికి వెళ్లొచ్చు. కాకపోతే కాసేపే.

ఫలక్‌నుమా ఆ పిల్లలకి కొండ మీద కనపడుతూనే ఉంటుంది. 1884లో పునాది పడింది. కట్టించింది పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా. ఇప్పుడది హోటల్. పాయెగా అంటే సైన్యాన్ని పోషించడానికి నిజాం ఇచ్చిన జాగీరు ఊళ్లున్న కుటుంబం. అంటే కొన్ని వందల ఊళ్ల శిస్తు ఆ కుటుంబాలకి పోయేది. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే ఖాల్సా, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చులకి సర్ఫెఖాస్ అని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో లెక్క ఇచ్చాడు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ రాకముందు చాలాచోట్ల శిస్తు వసూలుని వేలం పాడి కాంట్రాక్టుకిచ్చేవాళ్లు. ఆయన 1865లో జిలాబందీ చేసి జీతాల అధికారుల్ని పెట్టాడు. ఆయన కుటుంబం ఉన్న దివాన్ దేవిడీ ఈ గల్లీల్లోనే ఉండేది. సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది అక్కడే, 1951లో.

పిల్లలకి ఇంత చెప్పక్కర్లేదు. ఒక ప్రశ్న చాలు. పాతబస్తీలో పొలం లేదు, పంట లేదు. మరి ఇన్ని దేవిడీలకి డబ్బెక్కడిది? జవాబు వాళ్ల తాతల ఊళ్ల పేర్లలో ఉంది. పాలమూరు బెంచీ పిల్లలకి ఈ సిటీ తమది కాదనిపిస్తుందని మిత్రురాలు చాలాసార్లు చెప్పింది. ఈ గోడల్లో వాళ్ల ఊరి జొన్నలున్నాయని ఒక్కసారైనా ఎవరో చెప్పాలి కదా.

*

మూడో భాగం దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది.

పిల్లలు ఇంట్లోంచి తమ ఊరి పహాణీ నకలో, పాసుపుస్తకం ఫొటోనో తెచ్చుకుంటే బావుంటుందని అన్నా. వెంటనే వద్దంది.

"సగం మందికి భూమి లేదు. కొందరికి ఉన్నది అమ్ముకుని వచ్చారు. కొందరు నాన్నలు ఊళ్లోనే కౌలు చేస్తున్నారు, పిల్లలు ఇక్కడ బాబాయ్ ఇంట్లో ఉంటున్నారు. ఎవరికుంది, ఎవరికి లేదు అని క్లాసులో చేతులెత్తిస్తావా? ఉర్దూ పిల్లలైతే వట్టి చేతుల్తో కూర్చుంటారు."

ఆమె మాట సబబే. అందుకని ఊహా పొలం ఒకటి తయారు చేశా. సర్వే నంబరు 77, నాలుగెకరాలు. పట్టా ఉన్న మనిషి సిటీలో ఉద్యోగం చేస్తాడు. కౌలుకి చేసేది ఆ ఊళ్లో ఒక భార్యాభర్త. నాట్లకి, కలుపుకి వచ్చే కూలీలు నలుగురు. క్లాసుని మూడు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక ఫారం ఇవ్వాలి. మీరే పట్వారీ, నింపండి.

ఆ ఫారాలు అసలు రికార్డులకి నకళ్లు కావు, క్లాసు కోసం కుదించుకున్నవి. మొదటిది జాగీరు కాలంది. అందులో గడులు మూడే: జాగీర్దారు, ఊరు, రావాల్సిన మొత్తం. రెండోది 1954-55 నాటి ఖాస్రా పహాణీ తరహాది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. ఆ చట్టం కింద తర్వాత చాలామందికి 38-ఇ సర్టిఫికెట్లు వచ్చి, దున్నిన భూమికి వాళ్లే హక్కుదారులయ్యారు. దీని వెనక 1946 నుంచి 1951 దాకా తెలంగాణ ఊళ్లలో జరిగిన సాయుధ పోరాటం ఉంది. ఆ ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి వనరు ఉంటాయి. మూడోది 2020 తర్వాతి రికార్డు తరహాది. ఖాతా, సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు. అంతే.

అనుభవదారు అంటే భూమి ఎవరి చేతిలో ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే గడి. ధరణి వచ్చాక దాన్ని తీసేశారు. పేరు రాస్తే కౌలుదారు రేపు భూమి నాదేనంటాడని పట్టాదారుల భయం. ఆ భయం పెద్ద భూస్వాములదే అనుకోకూడదు, రెండెకరాలున్న విధవరాలిది కూడా. కానీ 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజన్‌కి మొదట్లో నాలుగు వేల చొప్పున పట్టాదారుకి అందింది, దున్నే కౌలుదారుకి అందలేదు. పంట పోతే పరిహారం దగ్గర, బ్యాంకు అప్పు దగ్గర కూడా ఇదే చిక్కు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆ కార్డు చేతిలో పడినవాళ్లు కొద్దిమందే. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కౌలుదారుని ఎలా గుర్తించాలన్న వాదన మాత్రం ఆగలేదు.

నేను రోజూ డేటాబేస్‌ల మీద పనిచేస్తా. ఒక టేబుల్‌లోంచి ఒక కాలమ్ తీసేయడం మా భాషలో ఒక్క లైను. తీసేసే ముందు ఈ కాలమ్ మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో చూడాలని కొత్తగా చేరినవాడికి కూడా చెబుతాం. కాలమ్ పోయాక ఆ సమాచారం తప్పు అవదు, అసలు అడగడానికే వీల్లేకుండా పోతుంది. "ఈ ఊళ్లో కౌలుదారులెందరు?" అన్న ప్రశ్నకి ఆ సిస్టమ్ సున్నా అని కూడా చెప్పదు. ప్రశ్నే దానికి అర్థం కాదు. సాఫ్ట్‌వేర్ నాకు చరిత్ర గురించి నేర్పిన సంగతి ఏదైనా ఉంటే ఇదొక్కటే. రికార్డులో ఏం రాశారన్నది తర్వాత, ఏ గడులు గీశారన్నది ముందు. 1930లో ఒక ఊళ్లో ఎవరెవరు దున్నేవాళ్లో ఇవాళ మనకి తెలియకపోతే, దాన్ని ఎవరో చెరిపేశారని అర్థం కాదు. చాలాసార్లు రాయడానికి గడి లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా నాన్న పేరు మీద ఊళ్లో మూడెకరాలుంది. చేసేది కౌలుకి ఇంకొకాయన. రైతుబంధు మా నాన్న ఖాతాలోనే పడేది. కౌల్లో కొంత తగ్గించి సర్దుకుంటున్నామని నాన్న అంటాడు, ఆయన కూడా "ఏదో నడుస్తుంది సారూ" అంటాడు. కాగితం రాసుకుందామంటే నాన్న ఒప్పుకోడు. సర్వే నంబరు 77లో సిటీలో ఉద్యోగం చేసే పట్టాదారుని ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం అవలేదు. ఈ పాఠం చెప్పే మనిషి ఏ గడిలో ఉన్నాడో పిల్లలకి మొదట్లోనే చెప్పేయాలని ప్లాన్‌లో రాసుకున్నా.

*

శనివారం క్లాసు జరిగింది. సద్దిమూట ఆట అనుకున్నదానికంటే ఎక్కువసేపు నడిచింది. బొప్పాయి మనది కాదంటే ఒకడు ఎంతకీ ఒప్పుకోలేదు. పత్తి గురించి నేను రెండు మాటలు చెబితే వాళ్లు పది చెప్పారు. గులాబీ రంగు పురుగు ఏ దశలో కాయలోకి దూరుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించారు. ఖవ్వాలీ దగ్గర ఆశించినంత సందడి రాలేదు. వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు, అంతే. ఫసలీ లెక్కకి మాత్రం క్లాసంతా లేచింది.

ఫారాలిచ్చాక మొదటి గుంపు రెండు నిమిషాల్లో నింపేసింది. మూడో గుంపూ అంతే. రెండో గుంపు ఇంకా రాస్తూనే ఉంది. వాళ్లకి అనుభవదారు గడి దగ్గర గొడవ పడింది. భర్త పేరు రాయాలా, భార్య పేరా? గడిలో ఒక్క పేరే పడుతుంది.

మూడు ఫారాలూ బోర్డుకి అంటించి ఏం కనిపిస్తోందని అడిగా. కొత్తదాంట్లో ఒక గడి తగ్గిందని ఎవరో ఒకరు చెబుతారని నా అంచనా. ముందు బెంచీ అమ్మాయి ఇంకోలా చూసింది.

"సార్, మొదటిదాంట్ల లేదు, ఆఖరిదాంట్ల లేదు. నడిమిదాంట్లనే ఉంది."

"అంటే?"

"అంటే ఉన్నది కొన్నేండ్లే కదా సార్. కొట్లాడితే వచ్చింది, మళ్ల పోయింది."

పట్టాదారు పక్షం మాట్లాడినవాడూ ఉన్నాడు. వాళ్ల మామకి ఎకరమున్నర ఉందట, కౌలుకిచ్చి ఇక్కడ ఆటో నడుపుతాడట. "పేరు రాస్తే భూమి గుంజుకుంటే మా మామ ఏం తినాలె?" అన్నాడు. ఆ అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. హక్కు వేరు, సాగు వేరు అని రెండు గడులు విడివిడిగా పెట్టొచ్చు కదా అని రెండో గుంపులో ఒకడు అన్నాడు. దాని మీద పది నిమిషాలు నడిచింది. నేను పక్కకి జరిగి కిటికీ దగ్గర నిలబడ్డా. ఎవరూ పడుకోలేదు.

చివర్లో చాకలి ఐలమ్మ గురించి చెప్పా. ఆమె కౌలుకి తీసుకున్న పొలంలో పండిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే సంఘం అండతో అడ్డం నిలబడింది. ఇక్కడి నుంచి మూసీ దాటితే కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. 2024లో దానికి ఆమె పేరు పెట్టారు. ఒక కౌలుదారు పేరు రెసిడెన్సీ గేటు మీద ఉందని చెబితే, ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోయే ఇద్దరు అమ్మాయిలు ఆమె కౌలు చేసేదని తమకి తెలీదన్నారు. వీరనారి అన్నదొకటే తెలుసట.

వచ్చే టర్మ్‌లో మళ్లీ రమ్మంది మిత్రురాలు. ప్లాన్‌లో రెండు మార్పులు చేసుకున్నా. ఫలక్‌నుమా భాగం ఇంకా కుదించాలి. నాలుగో ఫారం ఒకటి ఖాళీ కాగితంగా ఇవ్వాలి, గడులు వాళ్లనే గీయమని. సర్వే నంబరు 77లో ఆ భార్యాభర్త ఉన్నారు, కలుపుకొచ్చిన నలుగురున్నారు, సిటీలో పట్టాదారున్నాడు. అందరూ పట్టాలి, ఎవరి భూమీ పోకూడదు, షరతు అంతే. ఆ కాగితం వాళ్లకిచ్చే ముందు ఇంట్లో కూర్చుని నేను గీయడానికి ప్రయత్నిస్తున్నా. మూడు రాత్రులైంది. నాన్నకి చూపించి అడుగుదామనుకుంటున్నా, ఈ ఫారం అయితే సంతకం పెడతావా అని.